పొద్దున లేవని మోకాళ్లు

ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా పొద్దున ఏడున్నరకు ఈల వినపడిందంటే డ్రిల్లు మాస్టారు గ్రౌండులో ఉన్నట్టే. గ్రౌండంటే పెద్దదేం కాదు. మూడంతస్తుల భవనం వెనక సిమెంటు చేసిన స్థలం, రెండు చివర్లా తుప్పు పట్టిన ఇనుప గొట్టాల గోల్‌పోస్టులు. ఆ కాస్త చోట్లోనే ఆయన నాలుగు వందల మందిని వరసల్లో నిలబెట్టి, చెమట పట్టించి తరగతులకు పంపేవారు. మనిషి కఠినం, కాని పక్షపాతం లేదు. ఆలస్యమైతే హెడ్మాస్టారి కూతురికైనా అవే గుంజీలు. ఆటల్లో బెణికిన చీలమండలు, జారిన భుజాలు ఎన్నో చూసినవారు కాబట్టి, ఎవరిది దొంగనొప్పో ఎవరిది అసలునొప్పో మొహం చూసి చెప్పేస్తానని స్టాఫ్‌రూములో అంటుండేవారు.

ఆ ధీమాకు బలైన పిల్ల ఏడో తరగతిది. సన్నగా ఉండేది. గోడపత్రికకు బొమ్మలన్నీ తనే వేసేది. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. తల్లి బ్రెడ్డు బేకరీలో పనిచేసేది. ఆమె తెల్లవారకముందే వెళ్లిపోతుంది కాబట్టి పిల్ల తనంతట తానే లేచి తయారై రావాలి. ఆ ఏడాది బడి తెరిచినప్పటినుంచి రోజూ ఆలస్యమే. గేటు దగ్గర్నుంచి గోడ పట్టుకుని, కాళ్లు వంచకుండా, కర్రల మీద నడిచినట్టు వచ్చేది.

"ఏమైంది?" అని మొదట్లో ఆయన మామూలుగానే అడిగారు.

"పొద్దున్నే మోకాళ్లు వంగవు సార్. తర్వాత వంగుతాయి."

అదే సాయంత్రం ఆ పిల్ల స్నేహితురాళ్లతో తాడాట ఆడుతూ ఆయన కంటపడింది. మర్నాడు మళ్లీ ఆలస్యం, మళ్లీ అదే నడక. మాస్టారికి ఒళ్లు మండింది. వరసల్లో ఉన్నవాళ్లందరూ వినేలా, "అయితే ఆ మోకాళ్లకు ఓ అలారం పెట్టు. నీతోపాటే లేస్తాయి," అన్నారు. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగేదాకా ఆయన ఈల వేయలేదు. జోకు పేలినందుకు ఆయనకూ కాస్త ముచ్చటేసింది. ఆ రోజు నుంచి బడంతా ఆ పిల్లను 'అలారం' అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఆమెను ముప్పై గుంజీలు తీయమన్నారు. పదకొండు తీసింది. పన్నెండోదానికి కూర్చుని ఇక లేవలేదు. ఏడవలేదు, బతిమాలలేదు. రెండు చేతులూ నేలకు ఆన్చి లేవబోయింది గాని మణికట్లు బరువు మోయలేకపోయాయి. ఇద్దరు ఆడపిల్లలు చంకల కింద చేతులేసి లేపారు. మాస్టారు ఆమె మొహంలోకి పరీక్షగా చూశారు. చూసి, నటన అని తేల్చుకున్నారు. ఇంటికి చీటీ రాసి పంపారు: 'అమ్మాయికి నొప్పి ఏమీ లేదు. బద్ధకం. మీరు శ్రద్ధ పెట్టగలరు.' కింద సంతకం, బడి ముద్ర.

తర్వాత నాలుగు నెలలు పిల్ల టైముకే వచ్చింది. దారికి తెచ్చానని ఆయన సంబరపడ్డారు. ఆ తర్వాత వారం రోజులు అసలు రాలేదు. మరుసటి సోమవారం తల్లి సెలవు చీటీ పట్టుకుని వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దగ్గర పిండి ఆరిపోయి ఉంది.

"పెద్దాసుపత్రిలో ఉంచారు సార్. కీళ్లవాతం అంటున్నారు."

"చిన్నపిల్లకా?"

"నేనూ అదే అడిగాను. పిల్లలకూ వస్తుందంట. కుడి మోకాలు పూర్తిగా చాపలేకపోతోంది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని డాక్టరుగారు నన్ను కేకలేశారు." ఆమె సంచీ పట్టీ మెలిపెడుతూ చెప్పింది. "అప్పుడే తీసుకెళ్దామని పనిలో సెలవు కూడా అడిగాను సార్. ఇంతలో మీ చీటీ వచ్చింది. రోజూ పిల్లల్ని చూసేవారు, మీకు తెలియదా అనుకుని, దాన్నే నాలుగు తిట్టాను. అది అయిదింటికే లేచి కాళ్లు ఊపుకుంటూ కూర్చునేదట సార్, బడి టైముకి వంగాలని. నిన్న డాక్టరుకి చెబుతుంటే విన్నాను. తల్లిని, నేను కనిపెట్టలేకపోయాను. నాదే తప్పు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయనకు మరీ కష్టమైంది. తప్పు మీది కాదమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. "తగ్గిపోతుందిలెండి," అన్నారు. సెలవు చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

ఇంటికెళ్లి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నారు. ఏమైందని భార్య గుచ్చి గుచ్చి అడిగితే, తన చీటీ సంగతి తప్ప అంతా చెప్పారు.

రెండు రోజులు ఆగి, భుజం నొప్పి చూపించుకునే వంకతో ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే గదికి వెళ్లారు. అక్కడున్నావిడ ఆయన భుజాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికేం లేదు. మీరొచ్చిన పని వేరేలా ఉంది," అంది. దాచలేక చెప్పేశారు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని ఓపిగ్గా వివరించింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ల మీద పడుతుందట. కదలకుండా పడుకున్నంతసేపూ కీళ్లు బిగుసుకుపోతాయి, అందుకే పొద్దున నరకం. వేడినీళ్లతో స్నానం చేసి, మెల్లగా ఆడిస్తే గంటకో రెండు గంటలకో వదులవుతాయి. సాయంత్రానికి తాడాట ఆడినా ఆడవచ్చు.

"అంటే, ఆడుకోగలగడం నొప్పి లేదనడానికి గుర్తు కాదన్నమాట."

"కాదు. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు. మందు ఏళ్ల తరబడి వాడాలి, ఇది కళ్లకూ సోకవచ్చు కాబట్టి అవీ చూపించుకుంటూ ఉండాలి. కదలడం మానకూడదు, అలాగని వాచినరోజు మొండికేసి లాగించకూడదు. ఎంతలో ఆగాలో మెల్లగా పిల్లకే తెలుస్తుంది. మనం నమ్మాలి అంతే."

"నాలుగు నెలలు ముందొచ్చి ఉంటే ఆ కాలు..."

"చెప్పలేనండీ. ముందొస్తే మంచిదే. ఇలా అయ్యేది కాదని మాత్రం రాసివ్వలేను."

నీవల్లే అని తిట్టినా, నీవల్ల కాదని ఓదార్చినా ఆయనకు కొంత తెరిపిగా ఉండేదేమో. ఆవిడ రెండూ చేయలేదు.

పిల్ల మళ్లీ బడికి రావడం మొదలుపెట్టాక డ్రిల్లుకు రానక్కర్లేదని మాస్టారే హెడ్మాస్టారితో మాట్లాడి ఒప్పించారు. కాని మారుపేరు పోలేదు. మెట్ల మీద ఒక్కో అడుగూ వేస్తుంటే వెనకనుంచి "అలారం, మోగవేం?" అని ఎవడో అనేవాడు. అన్నవాణ్ణి పట్టుకుని మందలిస్తే, ఆ సాయంత్రానికి పదిమంది అనేవాళ్లు. ఇక లాభం లేదని ఒక పొద్దున ఈల పక్కన పెట్టి మైకు ముందు నిలబడ్డారు.

"ఆ పేరు పెట్టింది నేను. ఆ అమ్మాయికి నిజంగానే జబ్బుంది. నేను నమ్మలేదు, నవ్వులపాలు చేశాను. తప్పు నాది. ఇకమీదట ఆ పేరు ఎవరూ అనకండి."

నాలుగు వందల తలలు ఒక్కసారిగా మేడ మీది తరగతి కిటికీ వైపు తిరిగాయి. ఆ పిల్ల కిటికీ దగ్గరే ఉంది.

మధ్యాహ్నం ఆటసామాన్ల గదికి వచ్చింది. ఆయన బంతులకు గాలి కొడుతున్నారు.

"ఎందుకు చెప్పారు సార్ అందరికీ?"

"నిన్ను ఏడిపించడం మానేస్తారని, అమ్మా."

"మానేశారు. ఇప్పుడు నా కాళ్లకేసే చూస్తున్నారు. ఒకమ్మాయి నా సంచీ మోస్తానంది. నాకది అలారం కంటే అధ్వానంగా ఉంది."

ఆయన చేతిలో పంపు ఆగిపోయింది. మైకు ముందు నిలబడే ముందు ఈ పిల్లను ఒక్క మాట అడగాలని తోచలేదు. తన బరువు దింపుకోవడానికి చెప్పిన మాటను ఈ పిల్ల మేలు కోసం చెబుతున్నానని తనను తానే నమ్మించుకున్నారు.

"ఏం చేయమంటావు మరి?"

"నన్ను ఆటలో పెట్టుకోండి. బెంచీ మీద కూర్చోబెట్టి స్కోరు రాయమనకండి. నొప్పెక్కువైతే నేనే వచ్చేస్తాను, ఎందుకని అడగకండి." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఇంకోటి సార్. అందరికీ చెప్పారుగాని మా అమ్మకు చెప్పలేదు. నా కాలు చూసినప్పుడల్లా ఆవిడ ఏడుస్తుంది, తనవల్లే అని."



మర్నాడు షిఫ్టు ముగిసే వేళకు బేకరీ వెనక గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల రేకు ట్రేల చప్పుడు, కాలిన పిండి వాసన. ఆమె బ్రష్షుతో బల్ల గీకుతోంది. ఆయన్ని చూసి కంగారుగా బయటికి వచ్చింది.

"దానికేమైనా అయిందా సార్?"

"లేదమ్మా. ఆ చీటీ గురించి చెబుదామని వచ్చాను. నేనేం పరీక్ష చేసి రాయలేదు. కోపంతో రాశాను. మీరు తీసుకెళ్దామనుకున్నారు, నేను ఆపేశాను. మీ తప్పేం లేదు."

ఆమె బ్రష్షుకి అంటిన పిండిని గోటితో గిల్లింది.

"ఆ రోజు బడికొచ్చి నా తప్పని ఏడ్చినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదా సార్."

"ఉన్నాను."

"అప్పుడు చెప్పాల్సింది."

"అవునమ్మా."

"నన్ను క్షమించమంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇవాళైతే మీ మొహం చూడాలని లేదు." ఆమె లోపలికి వెళ్లి బల్ల గీకడం మొదలుపెట్టింది. మునుపటికంటే గట్టిగా గీకుతోంది. ఆయన ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడి, తర్వాత వెళ్లిపోయారు.

ఆ పిల్లను ఆటలో పెట్టుకున్నారు. బంతి విసరడంలో మంచి గురి ఉందని అప్పుడే తెలిసింది. కొన్ని రోజులు చివరిదాకా ఆడేది, కొన్ని రోజులు అయిదు నిమిషాలకే వచ్చేసేది. ఆయన ఎందుకని అడగలేదు. ఒక చలికాలమంతా మంచం పట్టింది. మందు రెండుసార్లు మార్చారు, వాపులు తగ్గాయి. కుడికాలు మాత్రం పూర్తిగా సాగలేదు. తల్లి మందుల చీటీలన్నీ ఒక ఫైలులో పెట్టి, పొద్దున పిల్ల లేచే వేళకు ఇంట్లో ఉండేలా షిఫ్టు మార్పించుకుంది. వీధిలో మాస్టారు ఎదురైతే కొన్నాళ్లు తల తిప్పుకునేది. ఇప్పుడు తలూపుతుంది, కాని ఆగి మాట్లాడదు. అంతకంటే ఎక్కువ ఆయనా ఆశించరు.

పిల్ల ఇప్పుడు భవనాల ప్లాన్లు గీయడం నేర్చుకుంటోంది. మొన్న ఏవో సర్టిఫికెట్ల కోసం బడికి వచ్చింది. ఆఫీసు గది పై అంతస్తులో ఉంది. తోడు వెళ్తూ మాస్టారు అడుగు తగ్గించారు.

"నాకోసం ఆగకండి సార్. నేనొస్తాను," అంది రెయిలింగు పట్టుకుని.

ఆయన ఆగకుండానే ఎక్కారు. పైకి చేరాక, ఆమె ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని ఉన్నా, వెనక్కి తిరగకుండా ఆఫీసు గది తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.