వెనకాల నిలబడిన టీచరమ్మ

మొన్న బడిలో ఎక్కాలు చెప్పిస్తుండగా నాతో చదువుకున్నావిడ ఫోన్ చేసి, "మన టీచరమ్మ పోయారే" అంది. పాడేరులో, కూతురింట్లోనట. మా బడిలో జ్వరం వచ్చి లేచాక ఏదీ గుర్తుండని గుంట ఒకతి ఉంది. వచ్చే సంతనాడు దాన్ని బడి మాన్పించి తీసుకుపోతానని వాళ్ల నాన్న చెప్పేశాడు. ఈలోగా టీచరమ్మకు ఒకసారి చూపించాలని అనుకుంటూనే ఉన్నాను. ఫోన్ పెట్టేసి నా వెనక్కి చూశాను. ఆవిడ దగ్గర చదివినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు, మీకు చెప్పాలి.

నా చిన్నప్పుడు, మూడో తరగతిలో, మలేరియా మెదడుకెక్కింది. బతికాను గానీ, ఆ తర్వాత ఏం చెప్పినా తలలో నిలిచేది కాదు. పొద్దున్న నేర్చుకున్నది అన్నం తినేసరికి పోయేది. ఇంక చదువెందుకని ఇంట్లో అన్నారు. ఆశ్రమ పాఠశాలలో మాస్టార్లూ అదే నిజమన్నారు. టీచరమ్మ ఒక్కరే మా నాన్నతో, "బుర్ర ఎక్కడికీ పోలేదు నాయనా, దారి మూసుకుపోయిందంతే. రోజూ నడిత్తే దారి పడతాది" అన్నారు. ఆ మాట మీదే నాన్న నన్ను బడిలో వదిలి వెళ్లాడు.

ఆవిడ విజయనగరం వైపు నుంచి మా కొండలకు వచ్చిన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా రోజులన్నీ మాకు. ముద్దుచేసే రకం అసలే కాదు. నాకు రోజుకు ఒక్క సంగతే చెప్పేవారు. కాసేపాగి అడిగేవారు. తర్వాత కొళాయి దగ్గర, ఆ తర్వాత అన్నం వరసలో, మర్నాడు తల దువ్వుకుంటుంటే. ఎప్పుడూ వెనక నుంచే. ఎదురుగా ఉంటే నేను ఆవిడ మొహంలో జవాబు వెతుక్కునేదాన్ని, కనుబొమ్మ కదిలితే మాట మార్చేసేదాన్ని. ఆ దొంగతనం ఆవిడ పట్టేశారు.

"నా మొహంలో ఏటీ రాసి లేదు. నీ బుర్రలో ఎతుకు."

చప్పుడు కాకుండా చెప్పులు వరండాలోనే విడిచి వచ్చేవారు. "దెయ్యంలా వస్తారేంటమ్మా" అని హెడ్మాస్టరుగారే ఉలిక్కిపడేవారు. నేను బిక్కమొహం వేస్తే జవాబు చెప్పేవారు కాదు, ఆగేవారు. మరీ రాకపోతే మొదటి ముక్క అందించేవారు. "నేను సెప్తే అది నాదే. నువ్వు తవ్వుకుంటే నీది." కొత్తగా వచ్చిన మాస్టార్లకు మాత్రం ఇంకో మాట చెప్పేవారు: "పిల్ల మర్సిపోకముందే అడగాల. మర్సిపోయాక అడిగితే అది తిట్టడమే." వాళ్లు నవ్వి ఊరుకునేవారు.

అలా అడిగించుకుంటూనే పదో తరగతి దాటాను, టీచర్నీ అయ్యాను. ఆ గొంతు మాత్రం నా వెనకే ఉండిపోయింది. బస్సులో, సంతలో, నా పెళ్లి పందిట్లో కూడా: "ఏటమ్మా, పొద్దున్న సెప్పుకున్నది ఏటి?" ఒళ్లు జల్లుమనేది. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ అంటుంది.

పాడేరు చర్చిలో ఆవిడ శవపెట్టె తెరిచి ఉంచారు. వరసలో నడిచి ఎదురుగా నిలబడ్డాను. బోర్డు దగ్గర చూసిన మొహమే, అయినా ఎవరో తెలియని మనిషిలా ఉన్నారు. గడ్డం కింద పుట్టుమచ్చ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"ఆఖరి రోజుల్లో ఎవరొచ్చినా అమ్మ ఎదురుగా కూర్చోమనేదండి. బతుకంతా పిల్లల ఎనకాలే నిలబడిపోయాను, నా మొహం ఒక్కరికైనా గుర్తుందంటావా, అని అడిగేది."

కళ్లు మూసుకుని తవ్వి చూశాను, గొంతే వచ్చింది గానీ మొహం రాలేదు. బయటికొచ్చి జీపెక్కాక ఏడ్చాను.

మర్నాడు బడి తెరిచాను. మాది ఒక్క టీచరున్న బడి, నేను తప్ప పెద్దవాళ్లెవరూ ఉండరు. రేపే సంత. ఆ గుంటకు పొద్దున్న ఒక్కటే చెప్పాను, ఏడార్లు నలభై రెండని. తర్వాత చిన్నపిల్లల గోలలో పడి దాని దగ్గరికి వెళ్లడం కుదరలేదు. మధ్యాహ్నం అది అరుగు చివర కొళాయి దగ్గర కంచం కడుగుతుంటే వెళ్లి వెనకాల నిలబడ్డాను.

"ఏడార్లు ఎంతే?"

అది తల తిప్పలేదు. కంచం తోముతూనే ఉంది.

"నలభై రెండు. ఇందాకలే సెప్పీసేను కదా టీచర్. మళ్లీ మళ్లీ అడగతారేటి?"

ఆ రోజు నేను అడగడం అదే మొదటిసారి. గుంట నీళ్లు ఒంపేసి వెనుదిరిగింది. ఆ సన్నటి అరుగు మీద, నాకొక్కదానికే కాదు, నా వెనక ఇంకొకరికీ సరిపడా చోటు వదిలి, గోడవారగా తప్పుకుని వెళ్లింది.