గైస్‌లో ఆమె ఉన్నట్టా

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో అకౌంట్స్ చెప్పేవాణ్ణి. బంద్ ఉన్న రోజున కింద షట్టర్ దించేసి, పక్క మెట్ల మీదుగా విద్యార్థులను పైకి రప్పించి తరగతులు జరిపేవాళ్లం. నా డైరీలో అటువంటి రోజులకు తేదీ, దాని పక్కన 'బంద్' అన్న ముక్క, తరగతి జరిగిన వేళ మాత్రమే ఉంటాయి. ఈ సంగతి అందులో లేదు, జ్ఞాపకంలోంచి రాస్తున్నాను.

మా కేంద్రంలో ఇంగ్లిష్ మాట్లాడడం నేర్పే మాస్టారు విజయవాడ వైపు వారు. ఏం చెప్పబోయినా ముందు 'గైస్' అనేవారు, అంటే 'కుర్రాళ్లూ' అని. తరగతిలో దాదాపు సగం మంది ఆడపిల్లలు. ఆ పిలుపుకు వాళ్లూ తలెత్తేవారు. అందువల్ల అది అందరికీ వర్తించే మాటేనని నేను కూడా అనుకున్నాను.

ఒక ఉదయం ఆయన, "గైస్, ఎల్‌బీ నగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి ఇద్దరు కావాలట. బుకింగులు, లెక్కలు చూసుకోవాలి. రేపు మధ్యాహ్నం రమ్మన్నారు," అన్నారు.

ఇద్దరు కుర్రాళ్లు చెయ్యెత్తారు. మూడో చెయ్యి పోచంపల్లి నుంచి వచ్చి, అక్క ఇంట్లో ఉంటున్న ఒక అమ్మాయిది. కోర్సు ముగిసేలోగా ఉద్యోగం దొరక్కపోతే తిరిగి వచ్చి మగ్గం పని అందుకోవాలని తండ్రి ఆమెకు ముందే చెప్పాడు. కోర్సు ఆ వారంతో ముగుస్తుంది.

"నువ్వు గైస్ల ఎట్ల వస్తవ్ అక్కా?" అన్నాడు చెయ్యెత్తిన ఇద్దరిలో ఒకడు. తరగతి నవ్వింది.

ఆమె మాస్టారి వైపు తిరిగింది. "సార్, గైస్ల నేనున్ననా, లేనా?"

"ఉన్నావమ్మా. గైస్ అంటే అందరూను. ఇప్పటి ఇంగ్లిష్‌లో అంతే."

"అయితె గదే ముచ్చట ఆ ట్రావెల్సాయనకు ఫోన్ల చెప్పుండ్రి సార్."

మాస్టారు అక్కడే ఫోన్ చేశారు. "ఒక అమ్మాయి కూడా వస్తానంటోందండీ."

అవతలి గొంతు ముందు బెంచీల దాకా వినిపించింది. "అమ్మాయెందుకండీ? గైస్‌ని పంపమన్నాను కదా!"

మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకుని, బోర్డు తుడవడం మొదలుపెట్టారు. ఆ బోర్డు మీద అప్పటికి ఏమీ రాసి లేదు.

"నేనైతె పోత," అంది ఆ అమ్మాయి.

మర్నాడు బంద్. బస్సులు లేవు. వీళ్లకు లెక్కలు వచ్చునని యజమానికి చెప్పవలసిన బాధ్యత నాది కనుక ముగ్గురితో కలిసి నేనూ నడిచాను. కొత్తపేట దాటాక, రోడ్డు పక్క దీక్షా శిబిరంలో ఒకాయన మైకు పట్టుకుని "అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా" అని వరసపెట్టి పిలుస్తున్నాడు.

"పిలుసుడుకే సగం పొద్దు పాయె," అన్నాడు నిన్న ఎగతాళి చేసిన కుర్రాడు.

"పోతె పాయె. ఎవ్వల్నీ ఇడిసిపెట్టలే," అంది ఆమె.

ట్రావెల్స్ యజమాని ఆమెను చూసి, "నువ్వూ వచ్చావా? సరే, కూర్చో," అన్నాడు. బంద్ సాయంత్రం సడలుతుందని కబురు. విజయవాడకు రెండు బస్సులు పంపవలసింది, ఒక్కటే దొరికింది. రెండు బస్సుల ప్రయాణికుల్లో ఎవరు వస్తారో ఫోన్లో అడిగి, కొత్తగా సీట్లు కేటాయించాలి. ముగ్గురికీ తలా ఒక ఫోన్, తలా కొన్ని పేర్లు ఇచ్చి, అదే పరీక్ష అన్నాడు.

కొంతసేపటికి వచ్చి కుర్రాళ్ల చార్టులు చూశాడు. "జెంట్సో లేడీసో రాయలేదేంట్రా?"

"అందరూ ప్యాసింజర్లే గద సార్!"

"అందరూ ప్యాసింజర్లేనా? ఒంటరిగా వచ్చే ఆవిడ పక్కన మగాణ్ణి కూర్చోబెడితే బస్సు కదలనిస్తారా? మళ్లీ చెయ్యండి, అందరికీ!"

బుకింగుల్లో చాలా వాటికి ఇంటిపేరూ పొడి అక్షరాలే ఉన్నాయి. వాటిని బట్టి ఆడో మగో తెలియదు. ఆ అమ్మాయి మాత్రం మొదటి ఫోన్ నుంచీ, "అక్కా, ఒక్కరేనా? పక్కకు లేడీస్‌నే ఇయ్యాల్నా?" అని అడుగుతోంది. ఊరి బస్సు ఎక్కినప్పుడల్లా తను ముందుగా చూసుకునేది అదే కనుక, అది ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కుర్రాళ్లు మళ్లీ ఫోన్లు అందుకున్నారు. ఏ సీటుకు ఆ సీటు ఆడో మగో తేలితే గాని బస్సు కదలని ఆ ఆఫీసులో, ఆ సీట్లు నింపడానికి మాత్రం గైస్ కావలసి వచ్చారు.

చీకటి పడుతుండగా బస్సు బయలుదేరింది. యజమాని మొహం తుడుచుకుంటూ, "రేపు ఎనిమిదింటికి వచ్చెయ్యండి గైస్," అన్నాడు.

కుర్రాళ్లు లేచారు. ఆమె లేవలేదు.

"నేను గూడనా సార్?"

"నువ్వు కూడానమ్మా. మళ్లీ వేరేగా చెప్పాలా?"

"చెప్పాలె సార్."

ఆయన నా వైపు చూశాడు.

"ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి. ఇద్దరు చాలనుకున్నాను గాని, ముగ్గురూ రండి. సరేనా?"

బయట, మూసి ఉన్న మందుల దుకాణం మెట్టు మీద నిలబడి ఆమె ఊరికి ఫోన్ చేసింది.

"నాయినా, నేను వస్తలే. నౌకరి దొరికింది."

అవతల ఆయన ఏమడిగాడో నాకు వినపడలేదు.

"ఆఁ, నన్ను గూడ రమ్మన్నడు. మళ్ల అడిగి చెప్పిచ్చుకున్న."