అప్పజెప్పని నేల

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలో ఊరి నిండా గుడారాలు వెలిశాయి. వాటి వెనుకనే కచేరీలకూ బంగళాలకూ గోడలు లేచాయి. బేతంచెర్ల గనుల నుండి నాపబండలు బండ్ల మీద దిగుతూ ఉండగా, వాటిని పరిచే లాజరుకు వంచిన నడుము ఎత్తే తీరిక లేకపోయింది. లాజరు పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఎటూ జారవని పేరు. ఆ పేరులో సగం అతని కూతురు ఏసుమణిదని మాత్రం ఎవరూ ఎరుగరు.

ఏసుమణికి అప్పటికి పన్నెండేళ్లు. మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని నర్సు ఒకామె స్వదేశానికి వెళ్లిపోతూ, పెట్టె అడుగున పడి ఉన్న చక్రాల జోళ్లను తన ఇంట పాచిపని చేసే ఏసుమణి తల్లి హంపమ్మ చేతిలో పెట్టింది. ఇనుప పలకకు నాలుగేసి చక్రాలు, కాలికి బిగించుకోవడానికి తోలుపట్టీలు. అవి ఎందుకో తెలియక హంపమ్మ వాటిని చూరుకు వేలాడగట్టింది. కూతురు దించి కాళ్లకు కట్టుకుంది. పేటలోని మట్టిదారిలో ఆ చక్రాలు జానెడైనా కదలలేదు. అవి కదిలే చోటు ఆమెకు అందుబాటులో ఒక్కటే ఉంది: తండ్రి పరిచిన నేల.

బండల సందులు ఆరిన తరువాత లాజరు కూతుర్ని పిలిచేవాడు. "మూల నుంచి మూలకు పో పాపా. యాడన్నా టక్కుమంటే చెప్పు" అనేవాడు. చక్రం తగిలి చప్పుడైన చోట బండ అంచు వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నట్టు లెక్క. ఆ బండను పెళ్లగించి మళ్లీ పరిచేవాడు. ఈ విధంగా ఆ ఊరి కొత్త కచేరీలన్నింటిలోనూ, ఏ అధికారీ ఇంకా అడుగుపెట్టక మునుపే, ఏసుమణి తిరిగింది. వెనక్కు జారడం, ఒంటికాలి మీద ఒరిగి మలుపు తీసుకోవడం ఆ ఖాళీ గదులలోనే పట్టుబడ్డాయి.

పని ముగిసిన నాడు హంపమ్మ వేరుశనగ నూనె గిన్నెతో వచ్చేది. బండలకు నూనె పూసి, గుడ్డతో రుద్దితే, బూడిదరంగు నేల కాటుకలా నిగనిగలాడేది. నూనె పూసి రుద్దనిదే నేలను అప్పజెప్పినట్టు కాదని పనివాళ్ల పట్టుదల. అంతవరకు నేల వాళ్లది. మరునాటి నుండి ఆ గడప వాళ్లది కాదు. తాను తిరిగిన వరండాలోకే తండ్రికి సద్ది తెచ్చిన ఏసుమణిని, "ఏయ్, యాడికి పోతాండావు? బయట నిలబడు" అని బంట్రోతు కసిరిన రోజులున్నాయి. ఆ కసురు ఆమె మరచిపోలేదు. మరచిపోవలసిన అవసరం మాత్రం ఏమున్నది?

అధికారుల క్లబ్బుకు పెద్ద హాలు కట్టినప్పుడు ఆ నేలా లాజరే పరిచాడు. తరువాత, గుంతకల్లు నుండి ఒక ఆంగ్లో ఇండియన్ దొర వారం వారం వచ్చి అధికారుల ఆడపిల్లలకు అక్కడ స్కేటింగు నేర్పసాగాడు. వెనుక వరండా పనిలో తండ్రికి సున్నం అందిస్తూ ఏసుమణి కిటికీలోంచి చూసేది. ఆ పిల్లలు పక్కపక్కన రెండు సున్నాలు చుట్టినట్టు తిరిగి ఇంగ్లీషు ఎనిమిది గీసేవారు. ఒక సున్నా కుడికాలి మీద, రెండవది ఎడమకాలి మీద. ఎన్నిసార్లు తిరిగినా మొదటి గీత మీదనే తిరగాలి. అదే విద్య. కిటికీలో చూసినదాన్ని ఆమె కొత్త నేలల మీద సాధించింది.

ఆ యేడు, అధికారుల పిల్లలూ తానూ చదివే మునిసిపల్ బడి ఆటలలో వరండా పొడవునా స్కేటింగు పందెం పెడితే, ఏసుమణి అందరికంటె ముందు వచ్చి కప్పు గెలిచింది. డ్రిల్లు టీచరు కృష్ణవేణమ్మ పట్టరాని సంతోషంతో, "క్లబ్బులో పోటీ పెడతాండారు మణీ. గెలిచినోళ్లను మద్రాసు పోటీకి పంపుతారంట. ఊర్లో ఆడపిల్లలెవరైనా రావచ్చని సాటింపు గూడా వేసినారు. నీ పేరు నేనిస్తా" అన్నది. మద్రాసు! ఆ రోజు నుండి ఏసుమణికి తిండి మీద ధ్యాస లేదు.

పోటీనాడు ఉదయం నేల కడగడానికి క్లబ్బువారు కూలికి పిలిచింది హంపమ్మనే. కడిగిన నేల వెలవెలబోతూ కనిపించింది. తన బిడ్డ ఆడబోయే నేల అట్లా ఉంటే ఎట్లా? ఆమె ఇంటికి పోయి నూనె గిన్నె తెచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. హాలంతా పూసింది. గుడ్డతో రుద్ది ఆరబెట్టే లోపలే అతిథుల కార్లు వచ్చాయి. కుర్చీలు వేయాలి, బయటికి పొమ్మన్నారు. నూనె నేల మీదనే నిలిచిపోయింది.

మొదట వచ్చిన ఇంజనీరుగారి అమ్మాయి తొలి మలుపులోనే జారి కూర్చున్నది. రెండవ పిల్ల స్తంభాన్ని కావలించుకొని కదలలేదు. మూడవది ఏసుమణి వంతు. హాలులో అడుగుపెట్టగానే ఆమెకు వాసన తెలిసింది. తలుపు చాటున నిలబడ్డ తల్లి ముఖమూ కనిపించింది. నూనె నేల ఆమెకు కొత్త కాదు; తల్లి పూసి ఇంకా రుద్దని నేలల మీద ఎన్నోసార్లు తిరిగింది. మోకాళ్లు వంచి, కాలితో నెట్టకుండా, ఒంటి బరువుతోనే ఒరుగుతూ బయలుదేరింది. కుడికాలి మీద ఒక సున్నా, ఎడమకాలి మీద ఒక సున్నా. మళ్లీ అదే గీత మీద. మళ్లీ అదే గీత మీద. ఆగి చూసేసరికి నల్లని నేల మీద, నూనెపొరలో, ఎనిమిది అంకె స్పష్టంగా పడి ఉంది. ముందు వరుసలోని డాక్టరుగారి భార్య చూడడానికి లేచి నిలుచున్నది.

అప్పుడు క్లబ్బు కార్యదర్శి నరసింహమూర్తి వంగి నేల మీద వేలు రాసి వాసన చూశాడు.

"నూనె! ఎవరు పూశారిది?"

హంపమ్మ ముందుకు వచ్చింది. "నేనే సామీ. మెరుస్తాదని పూసినా."

"మెరవడానికా? మా పిల్లల కాళ్లు విరగడానికా? ఈ ఎత్తు నీ కూతురికి ముందే తెలుసు."

"వాళ్లు పడాలని పూసింటే నా కాళ్ల కింద పుయ్యకుండా వదిలిపెట్టేది గదా సార్" అన్నది ఏసుమణి.

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. నరసింహమూర్తి ముఖం కందగడ్డ అయింది. "చూశారా ఆ నోరు! అందుకే ఇటువంటివాళ్లను లోపలికి రానివ్వవద్దన్నాను."

"అయ్యా, ఆ గీత చూడండి" అన్నది కృష్ణవేణమ్మ. "అన్నిసార్లు తిరిగినా ఒక్కటే గీత. ఎవరు తిరిగినారిట్ల?"

"నూనె మీద గీసింది లెక్కకు రాదమ్మా. తుడిచి మళ్లీ పోటీ పెడతాం. ఈ పిల్ల తప్ప అందరూ ఆడతారు. ఏమమ్మా, నిన్నే, తవుడు తెచ్చి ఈ జిడ్డు రుద్దు!"

డాక్టరుగారి భార్య నోరు తెరవబోయి, భర్త వైపు చూసి, మళ్లీ కూర్చున్నది. అంత హాలులో, చదువుకున్న అంతమందిలో, కళ్లెదుట ఉన్న గీతను చూచి ఇది అన్యాయమన్న మనిషి ఒక్క డ్రిల్లు టీచరు! తక్కినవారు గడియారాలు చూసుకున్నారు. ఊరిలో ఆడపిల్లలెవరైనా రావచ్చని తప్పెట కొట్టించినవారు వీరే.

హంపమ్మ మోకాళ్ల మీద కూర్చుని, ఎనిమిది అంకెలోని ఒక సున్నా మీద తవుడు చల్లింది. గుడ్డ పెట్టి రుద్దబోయింది. ఏసుమణి జారుకుంటూ వచ్చి గుడ్డ లాక్కున్నది. ఆ గుడ్డతో తల్లి చేతులకంటిన తవుడు తుడిచింది.

"లెయ్ మా. తుడసాలంటే వాళ్లే తుడుసుకుంటారు."

చక్రాలు విప్పకుండానే, తల్లి చేయి పట్టుకొని, నేల చివరి బండ దాకా జారుకుంటూ బయటికి వెళ్లిపోయింది. బంట్రోతును తుడవమంటే, అది తన పని కాదన్నాడు. కుర్చీలలోని ఏ చీరా, ఏ కోటూ నేల మీదికి వంగలేదు. పోటీ అంతటితో ఆగిపోయింది. ఆ యేడు కర్నూలు నుండి మద్రాసుకు ఎవరూ పోలేదు. ఊరిలో మాత్రం, నూనె పూసి గెలవజూసిందని ఏసుమణి మీద నింద నిలిచింది.

లాజరు ఇంట్లో మండిపడ్డాడు. "నిన్ను పుయ్యమన్నదెవురే?"

"ఏమప్పా, పెండ్లయిన కాడ్నుంచి నీ నేలకు నేనే పూస్తాండా. ఎవురన్నా పడినారా?"

లాజరు తాపీ తీసుకొని బయటికి పోయాడు. ఏసుమణి ఆ మాటలు విన్నది. జోళ్లను తానే మళ్లీ చూరుకు వేలాడగట్టింది.

మరుసటి వేసవిలో బద్వేలులో వేరుశనగ వర్తకులు కట్టించిన హాలుకు నేల పరిచే పని లాజరుకు దొరికింది. కుటుంబమంతా వెళ్లింది. సందులు ఆరిన నాడు లాజరు చూరు నుండి దించి తెచ్చిన జోళ్లను కూతురి ముందు పెట్టాడు. ఆమె కట్టుకున్నది. మూల నుంచి మూలకు పోయి వచ్చింది.

"ఎట్లుండాది?"

"టక్కుమనల్యా నాయనా."

హంపమ్మ నూనె గిన్నె పట్టుకొని గడపలోనే నిలబడిపోయింది. "పుయ్యనా? వద్దా?"

"పుయ్ మా. బాగా పుయ్. గుడ్డ మాత్రం అప్పుడే పెట్టొద్దు, గీత పడాల" అని ఏసుమణి హాలు తలుపులన్నీ బార్లా తెరిచింది.

పక్క కళ్లంలో కాయలు వలిచే ఆడవాళ్లు చేటలతో సహా వచ్చి గుమికూడారు. వర్తకుల గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా లాజరూ! ఈ జనమేంది? మా హాల్లో ఈ ఆటేంది?"

"అప్పజెప్పేది రేపు గదన్నా" అన్నాడు లాజరు, తాపీ పక్కన పెట్టి. "ఈపొద్దు నేల మాది. నువ్వూ నిలబడి సూడు."

ఏసుమణి ఒరిగింది. కుడికాలి మీద, ఎడమకాలి మీద, మళ్లీ, మళ్లీ. ఆగిన తరువాత, కాయలు వలిచే భీమమ్మ అనే ముసలామె గడప దాటి వచ్చి, ఒంగి, నూనెలోని గీత వెంట చేటతో మొదటి నుండి చివరి దాకా చూపుతూ నడిచింది.

"ఎన్ని సుట్లు తిరిగినావు పాపా?" అన్నది. "గీత ఒకటే ఉండాదే!"