నాయన వీపు మీద రాతి బురద

మా చిన్నప్పుడు ఎండ రెండు దిక్కుల నుంచి కొట్టేది... పైనుంచి ఒకసారి, కింద రాయి మీద పడి తిరిగి లేచి ఇంకోసారి. బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాళ్ళకి గడ్డం కింద కూడా చర్మం కమిలేది. చూడనివాళ్ళకి చెప్తే నమ్మరు.

నాయన ఆ గనిలోనే పనిచేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో సద్ది తీసుకుపోవడం నా వంతు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. సద్ది ఇచ్చి వెంటనే ఇంటికి వచ్చేయాలి... అది అమ్మ మాట. నేను వింటే కదా!

ఒకరోజు అక్కడే కూర్చుంటానని మొండికేశాను. నాయన నోట్లో నాలుక లేని మనిషి. కసిరి పంపడం ఆయనకి చేతకాదు. రెండు గడ్డపారలు రాళ్ళ సందులో నిలబెట్టి, ఒంటి మీది చొక్కా విప్పి వాటికి కట్టాడు.

"ఈ నీడ దాటి బయటికి రావాకు మా" అన్నాడు.

ఆ చొక్కా నీడలో కూర్చుని రాతిముక్కలతో అచ్చనగాయలు ఆడుకున్నాను. పొద్దు వాలేదాకా నాయన వట్టి వీపుతో రాళ్ళు లేపుతూనే ఉన్నాడు... ఆ వీపు నాకు ఎదురుగానే ఉంది. నేను ఒక్కసారి కూడా దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి చాప మీద బోర్లా పడుకున్నాడు. మెడ నుంచి నడుము దాకా ఎర్రగా కమిలిపోయింది. చెయ్యి దగ్గరికి పెడితే సెగ తగులుతోంది. భుజాల కింద నీటిబొబ్బలు. అమ్మ బోరింగు దగ్గరికి నీళ్ళకి పోయింది. ఇదంతా నా వల్లనే అని నాకు తెలుసు... అమ్మ వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలి.

మా ఊరి పిల్లలకి తెలిసిన వైద్యం ఒకటే. రాళ్ళకి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల నుంచి తెల్లటి బురద పారేది, మెత్తగా, మీగడలాగా. చెప్పులు లేకుండా తిరిగి కాళ్ళు కాలితే అందులో దిగి నిలబడేవాళ్ళం. ప్రాణం లేచొచ్చేది. కాళ్ళకి పనిచేసింది వీపుకి పనిచేయదా అనుకున్నాను... డబ్బా నిండా తెచ్చి రెండు చేతులతో పూశాను.

"సల్లగా ఉండాది మా" అని నాయన కళ్ళు మూసుకున్నాడు. పెద్ద డాక్టరమ్మనైపోయినట్టు పొంగిపోయాను.

గంటకల్లా ఆ బురద ఎండి బిగుసుకుంది. నాయన ఒత్తిగిలబోతే చర్మం లాగి బొబ్బ ఒకటి పగిలింది. అట్లాంటి మూలుగు అంతకుముందెప్పుడూ ఆయన నోట వినలేదు. అప్పుడే వచ్చిన అమ్మ గాబరాగా గోళ్ళతో గీకబోయింది. మా గోల విని పక్కింటి హుసేన్‌బీ పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"గీకాకు! తోలు ఊడొస్తాది. మిగిలిన బొబ్బలన్నా పగలనీయాకు, లోపలి పచ్చిపుండుకు అవే మూత."

చెంబుతో నీళ్ళు నెమ్మదిగా పోస్తూ ఆ బురదను నానబెట్టి కరిగించింది. పాత నూలు చీర చింపి, తడిపి, వీపు మీద పరిచింది. అమ్మ వెన్న తెస్తానంటే వద్దంది... "జిడ్డు పూస్తే లోపలి ఏడి యాడికి పోతాది?" అని. మజ్జిగలో ఉప్పు వేసి నాయన చేత రెండు గ్లాసులు తాగించింది.

తెల్లారేసరికి జ్వరం కూడా వచ్చింది. ఆస్పత్రికి పోతుంటే నేనూ వెంటపడ్డాను.

పుండులో ఇంకా అంటుకుని ఉన్న తెల్లటి బురద కడుగుతూ డాక్టరు అడిగాడు, "ఈ బురద ఎవరు పూశారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు... నాకు ఆ తడుముకునే ధైర్యం కూడా లేదు. నాయన వేలు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

"నేనే పూసుకుంటి సార్" అన్నాడు నాయన.

తన వీపుకి తానే ఎట్లా పూసుకుంటాడు? డాక్టరు అది ఆలోచించలేదు. "ఇంత వయసొచ్చింది, బుద్ధి లేదా" అని అందరి ముందూ తిట్టాడు. నాయన తల వంచుకుని విన్నాడు. నేను నోరు విప్పలేదు... ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. బొబ్బ పగిలిన చోట రంగు మాత్రం తిరిగి రాలేదు. నాయన స్నానం చేసి వచ్చినప్పుడల్లా ఆ తెల్లమచ్చ కనబడి చూపు తిప్పుకునేదాన్ని.

ఇప్పుడు కల్లూరులో ఉంటున్నాం, నాయన మాతోనే. మొన్న మా పాప స్కూల్లో ఆటల పోటీలకి పోయి మెడ కమిలి వచ్చింది. చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి తుడుస్తుంటే నాయన పక్కన కూర్చుని, "రుద్దాకు మా, అద్దితే సాలు" అన్నాడు.

ఇక ఆగలేక అడిగేశాను. "నాయనా, ఆ పొద్దు డాక్టరుకు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆయన నా చేతిలోని గుడ్డ తీసుకుని పాప మెడ మీద మెల్లగా అద్దాడు.

"నువ్వు పూసినప్పుడు సల్లగానే ఉండె గదా మా..."

ఇప్పటి పిల్లలకి సన్‌స్క్రీన్లు, టోపీలు, గొడుగులు అన్నీ ఉన్నాయి. మంచిదే. నాకు ఆ రోజు ఒక్క చొక్కా ఉంది... అది విప్పి ఇచ్చిన మనిషిని ఆ ఒక్క మాట అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మీకు నీడ పెట్టి తాము ఎండలో కమిలినవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... వాళ్ళు ఇంకా మీ దగ్గరే ఉంటే మాత్రం, ముందు ఆ మాట వాళ్ళకి చెప్పి రండి.