ష్ అక్క చెవి గది

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని లేదు. చెవి పరీక్షలు చేసే ఆవిడని పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరూ పిలిచేది ‘ష్ అక్క’ అనే. ఇరవై రెండేళ్ళుగా రెండో అంతస్తు చివరి గదిలో కూర్చుని, వరండాలో ఎవరు గట్టిగా దగ్గినా తలుపు తీసి ‘ష్’ అంటుంది మరి. ఒకసారి పెద్ద డాక్టర్నే అంది. పాపం ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడిచాడు.

ఆ గదిలో ఇంకో బుల్లి గది. గోడలకి మందపాటి స్పాంజి, ఒక గాజు కిటికీ, ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతిలో పట్టుకోడానికి ఒక మీట. పేషెంటు లోపల, అక్క బయట. చెవిలో చప్పుడు వినబడితే మీట నొక్కాలి. పరీక్షంటే ఇంతే. ఇంతే కదా అని అక్క తేలిగ్గా తీసుకోలేదు. డ్యూటీలో గాజులు వేసుకోదు. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారాన్ని వెళ్ళగొట్టింది. మూడు వారాల కిందట కొత్త కంప్యూటరు వస్తే, అందరూ దానికి బొట్టుబిళ్ళలా స్టిక్కరు ఎక్కడ అంటించాలా అని చూస్తుంటే, ఈవిడ ముందు స్పీకరు వైరు పీకి సొరుగులో పడేసింది.

అంతకుముందు పాత మిషను ఉండేది. అక్క మర తిప్పుతూ, పేషెంటు మొహం చూస్తూ, చెవిలోకి కూత ఇచ్చేది. కొత్తదానికి ఆవిడతో పని లేదట. అదే కూత ఇస్తుంది, అదే తగ్గిస్తుంది, నొక్కితే అదే రాసుకుంటుంది. “మీరు పక్కన కూర్చుని సంతకం పెడితే చాలమ్మా, రోజుకి రెట్టింపు మందిని చూడొచ్చు” అన్నాడు ఆఫీసాయన. పెట్టింది. అక్క జీవితంలో చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

ఒక పొద్దున్న ఒకావిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చి, బల్లమీద కాగితం పెట్టింది.

“ఇది రాసింది మీరేనా అమ్మా?”

“సంతకం నాదే.”

“అయితే మీరొచ్చి మా ఇంట్లో రెండు రోజులుండండి. గుమ్మం బెల్లు అరిగిపోయేలా కొట్టినా ఈయన తలెత్తడు. మీరేమో చెవులు బ్రహ్మాండం అని రాశారు!”

ఆయన రేకులు కోసే ప్రెస్సు మీద పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. చెవి దెబ్బతిందని తేలితే ప్యాకింగు సెక్షనుకి మారుస్తారు. తేలకపోతే అదే ప్రెస్సు, అదే మోత, మిగిలిన కాస్త వినికిడీ గోవిందా. అక్క కాగితం చూసి ఫోర్‌మన్ పదిమందిలో “పని దొంగ, చెవిటి నాటకాలు” అన్నాడట. ఆ మాట కూడా ఆయనకి సరిగ్గా వినబడలేదు. పక్కవాళ్ళు నవ్వుతుంటే ఆయనా నవ్వాడట.

ఇప్పుడూ నవ్వుతున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నారో అందకపోయినా, అందినట్టు తలూపే నవ్వు. అక్క ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న నవ్వే. మూడు వారాల కిందట ఆ మొహం వంక ఒక్కసారి చూసి ఉంటే! చూడలేదు. తెర చూసింది.

“రండి అన్నయ్యా, మళ్ళీ చేద్దాం” అని లోపల కూర్చోబెట్టింది. ఈసారి కళ్ళు ఆయన చేతి మీదే పెట్టింది.

ఆయన మీట నొక్కాడు. తెర చూస్తే, కంప్యూటరు అప్పటికింకా కూతే ఇవ్వలేదు. కాసేపాగి మళ్ళీ నొక్కాడు. అప్పుడూ ఇవ్వలేదు. అక్కకి చిర్రెత్తి తలుపు తీసింది.

“ఏంటన్నయ్యా, వినబడకుండానే నొక్కేస్తున్నారు?” అని నోటి కదలిక తెలిసేలా అడిగింది.

“వినబడిందమ్మా. టింగుమంది. మీరేగా చప్పుడొస్తే నొక్కమన్నారు?”

“టింగేంటి? నా దాంట్లో కూత తప్ప టింగు లేదే!”

ఆయన్ని లేపి, తలుపు తెరిచే ఉంచి తనే కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆయన భార్యని తెర చూస్తూ ఉండమంది. ఒక నిమిషం. టింగ్! అదిరిపడింది.

“తెరమీద ఏం వచ్చింది?” అని అడిగింది.

“మూలన పచ్చ డబ్బా వచ్చిందమ్మా. ‘మీ కంప్యూటర్ సురక్షితంగా ఉంది’ అంటోంది.”

టింగ్!

“ఇప్పుడు?”

“‘స్కాన్ పూర్తయింది. ఏమీ దొరకలేదు’ అంట. కింద ఏదో ఆఫర్ కూడా ఉంది, ఈ రోజే ఆఖరంట.”

అక్కకి ఒళ్ళు మండిపోయింది. స్పీకరు పీకేసింది తనే. కాబట్టి కంప్యూటరులోంచి వచ్చే ప్రతి చప్పుడూ బయట గదిలో వినబడకుండా, నేరుగా పేషెంటు చెవిలోకే పోతోంది. యాంటీవైరస్ పెద్దగా టింగుమంటే చెవి దెబ్బతిన్నవాడికీ వినబడుతుంది. వాడు బుద్ధిగా నొక్కుతాడు. ఆ టింగు కూత వేళకే పడితే, కంప్యూటరు ఇచ్చిన సన్నటి కూతనే విన్నాడని పరీక్ష రాసుకుంటుంది. గడియారాన్ని వెళ్ళగొట్టిన గదిలో, ఏమీ జరగలేదని చెప్పడానికి గంట కొట్టే దరిద్రం ఒకటి మూడు వారాలుగా కూర్చుని ఉంది.

కంప్యూటర్లు చూసే ఆయనకి ఫోన్ చేసింది.

“మేడమ్, దాన్ని ముట్టుకోకండి. వైరస్ వస్తే ఎవరు బాధ్యులు?”

“రక్షణ తీసేయమన్నానా? నోరు ముయ్యమంటున్నాను.”

“అవి కంపెనీ వాళ్ళు ఇచ్చినవి మేడమ్, అలాగే ఉంటాయి.”

“ఏంటయ్యా ఉండేది? నా పేషెంటు చెవిలో వాడి బేరమేంటి? నువ్వొచ్చి తీస్తావా, నన్ను తియ్యమంటావా?”

అక్క ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది.

దొంగల్లా దాచారు ఆ టింగులు ఆపే మీటల్ని. సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇంకో సెట్టింగ్స్, దాని అడుగున సన్న అక్షరాల్లో ‘మరిన్ని’. ‘సందేశాలు ఆపు’ అని నొక్కితే, గంటసేపా, రేపటిదాకా అని అడిగింది. ‘ఎప్పటికీ’ అనేది అట్టడుగున, కనీకనబడని బూడిదరంగులో ఉంది. అది నొక్కగానే, ‘మీరు ప్రమాదంలో పడవచ్చు, ఖాయమేనా?’ అంటూ ‘వద్దు, ఉంచండి’ అన్న పచ్చ బటన్‌ని అరచేయంత చేసి చూపించింది.

“ఖాయమే!” అంది అక్క పైకే.

ఆఫర్లు తీసేసింది. వార్తలు తీసేసింది. కంప్యూటరుకి వార్తలెందుకో! వేగం పెంచుతానన్నదాన్నీ, పాస్‌వర్డులు దాచిపెడతానన్నదాన్నీ, బ్రౌజరులో చొరబడ్డ దాని చుట్టాన్నీ ఒక్కొక్కటిగా బయటికి పంపింది. వైరస్ ఆపే కాపలా జోలికి పోలేదు. స్కాను మాత్రం ఆసుపత్రి మూసేశాక చేసుకోమని మార్చింది. చివరి మీట నొక్కాక మళ్ళీ పచ్చ డబ్బా వచ్చింది. ‘సందేశాలు ఆపబడ్డాయి.’ తెరిచిన తలుపులోంచి, హెడ్‌ఫోన్లలో టింగ్.

“ఆపాను అని చెప్పడానికీ గంటేనా! నీ మొహం మండా” అంది. ఆయన భార్య పక్కున నవ్వింది.

తర్వాత పావుగంట హెడ్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఏమీ వినబడలేదు. అప్పుడు ఆయన్ని పిలిచింది. ‘తనంతట తానే’ అన్న పద్ధతి తీసేసి, ప్రతి కూతా చేత్తో ఇచ్చింది.

లావు గొంతు కూతలకి నొక్కాడు. సన్నగొంతు కూతలు మొదలయ్యాక ఆయన వేలు ఆగిపోయింది. అక్క చప్పుడు పెంచింది. ఆయన అలాగే కూర్చున్నాడు. ఇంకా పెంచింది. గాజు కిటికీలోంచి, ఎప్పుడు మొదలెడతారన్నట్టు ఓపిగ్గా చూస్తున్నాడు. తెరమీద గీత గోడమీంచి జారినట్టు కిందికి పోయింది. భార్య చూసి నవ్వడం మానేసింది.

అక్క కొత్త కాగితం రాసింది. అడుగున ఇంకో ముక్క చేర్చింది. ‘వెనకటి పరీక్ష తప్పు. లోపం మా గదిది, ఈయనది కాదు.’ ఆ ముక్క కొట్టేయమని, ఆసుపత్రి పరువు పోతుందని ఆఫీసాయన పైకొచ్చి మరీ చెప్పాడు.

“ఆయన పరువు పదిమందిలో పోయింది. అప్పుడు మీరు పైకి రాలేదే?” అని, ఆఫీసాయన ముందే ఫోర్‌మన్‌కి ఫోన్ కలిపింది.

“మొన్న మీరే బాగుందని రాశారు కదమ్మా” అన్నాడు ఫోర్‌మన్.

“రాశాను. తప్పు రాశాను. ఇవాళది సరిచూసి రాశాను. ఇది చూశాక కూడా ఆయన్ని ప్రెస్సు మీద నిలబెడితే, ఈసారి నాటకం ఆడేది మీరే.”

సోమవారం నుంచి ప్యాకింగు అన్నాడు. భార్య చీటీమీద ఆ మాట రాసి చూపిస్తే, మొగుడు చదువుకుని తలూపాడు. ఈసారి అర్థమయ్యే ఊపాడు.

వాళ్ళు మెట్లు దిగాక అక్క మూడు వారాల రిజిస్టరు ముందేసుకుంది. ప్రతి పేజీ అడుగునా తన సంతకమే. మొదటి నంబరుకి ఫోన్ చేసింది.

“హలో... ఆసుపత్రి నుంచండీ. చెవి పరీక్ష మళ్ళీ చెయ్యాలి. చెవి పరీక్ష! వినబడుతోందా? ... లేదా? సరే, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి. ఇంకెవరైనా!”

వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ష్ అక్క అంత గట్టిగా అరవడం అంతవరకూ ఎవరూ వినలేదు.