జీపులో గద్ది

“సీటు అనకు బిడ్డా. సీటంటే సర్కారు ఎస్టీ బస్సుల ఉంటది, కిటికీల నుంచి ఎవలు ముందుగాల టవాల ఏస్తె వాళ్లది. టాకీసుల ఉంటది, ఆట కాంగనే లేపి తోలేస్తరు. ఇది గద్ది. గద్ది మీద కూసున్నోళ్లను లెవ్వుమనెటోడు ఉండడు.”

సీటు అన్నందుకు నాకీ చీవాట్లు. పరమేశ్వరి చీవాట్లు పెట్టే తీరే అంత. కోపంగా మొదలుపెట్టి, మాట ముగిసేలోగా పక్కకు జరిగి చోటిస్తుంది. నాందేడ్ ఇత్వారాలో వాళ్ల బట్టల దుకాణం పక్క సందులో పాత జీపు నిలిపి ఉంది. దాని వెనక తలుపు కిందికి వాల్చి, ఆ అంచున కాళ్లు వేలాడేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. వాడనిండా ఆమెను పిన్ని అన్నట్టుగా కాకూ అనే పిలుస్తారు. ఆమె మొగుడు రామకిషన్‌ను మాత్రం సేట్ అంటారు.

ఆమె వీపు వెనక, జీపు లోపల, మనుషులు కూర్చునే బల్లలు లేవు. వాటి చోట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా టేకు పలకల అరుగు ఉంది. అరుగు మీద పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి. పరుపు చుట్టేస్తే మూడు మూతలు కనిపిస్తాయి. మూతల కింద అరలు, అరల నిండా చీరెలు, ధోతులు, రవికె గుడ్డలు. అచ్చం దుకాణంలో సావుకారు కూర్చునే గద్దిలాగే ఉంటుంది. అలాగే ఉండడం ఒక పొరపాటు. ఆ పొరపాటు గురించే ఆమె చెప్పబోయింది.

“మీ కాకకు మాట సగమే అస్తది. మిగిలిన సగం ఎదుటోడు పూర్తి చేసుకోవాలె. గట్ల పూర్తి చేసుకున్నడు కట్టెపని చేసే అంబాదాస్.”

జీపు కొన్నది ఎమర్జెన్సీ పోయిన ఏడు. అంతకుముందు రామకిషన్ వారం వారం అంగళ్లకు ఎస్టీ బస్సులోనే పోయేవాడు. ఒకనాడు నాయ్‌గావ్, ఒకనాడు మర్ఖేల్. బట్టల మూటలు బస్సు టాపు మీద ఉండేవి. వాన పడితే ఎర్రచీరెల రంగు దిగి తెల్ల ధోతులకు అంటేది. “సేట్, హోళి ఇంక రాకముందే ఆడినవా?” అని ఊళ్లవాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వు పడలేక, ఎక్కడో హర్రాజులో పాత జీపు ఒకటి కొన్నాడు. తనకు నడపరాదు. దిగంబర్ అనే డ్రైవరును పెట్టుకున్నాడు.

పరమేశ్వరి కన్ను ఆ జీపు మీద పడింది వేరే కారణానికి. ఆమె పుట్టిల్లు మర్ఖేల్. పెళ్లయి నాందేడ్ వచ్చాక తల్లి ముత్తెమ్మను చూసేది పండుగకో పబ్బానికో. బట్టల దుకాణానికి గిరాకీ తగిలేదీ పండుగలప్పుడే కాబట్టి అవీ సగం తప్పిపోయేవి. మొగుడేమో వారం వారం ఆ ఊరికే పోయి వచ్చేవాడు.

“మా అవ్వ ఎట్ల ఉన్నదయ్యా అంటె, ‘మంచిగున్నది’ అంటడు. చిక్కిందా అంటె, ‘మంచిగున్నది’. ఏం చీరె కట్టింది అంటె, ‘చీరె కట్టింది’ అంటడు! బట్టల సావుకారు బిడ్డా! లోకంల ఉన్న చీరెలన్ని అమ్ముతడు, అత్త ఏం కట్టుకున్నదో యాదికుండది.”

అందుకని ఆమె ఒక్కటే మాట పట్టుకుంది. జీపులో నేనూ వస్తా. పొద్దున పోయి అవ్వను చూసి మాపటికల్లా నీతోనే వస్తా. రామకిషన్ కాదనలేదు. వెనక ఎదురెదురుగా ఉన్న రెండు బల్లల రెక్సిన్ చినిగి కొబ్బరి పీచు బయటికి వేలాడుతోంది, కూర్చుంటే కింది మొలలు గుచ్చుకుంటాయి, వడ్లాయనతో బాగు చేయించినాక పోదామన్నాడు. అత్త విద్యావతిని అడగడమే మిగిలింది. పెద్దామె జపమాల తిప్పుతూనే విన్నది.

“తల్లిని సూడవోతె పో. గని ఒక్కమాట. మన ఇంటి ఆడది అంగట్ల దిగొద్దు.”

“దిగ అత్తా.”

“దిగొద్దు.”

“దిగనంటున్న గద.”

రామకిషన్ పోయి వడ్రంగి అంబాదాస్‌కు చెప్పాడు. పాత సీట్లు పీకెయ్యి, మంచి గద్ది చెయ్యి, కింద సరుకు సుత పట్టాలె అన్నాడు. ఆయన మనసులో ఉన్నది మెత్తని దిండు సీటు. మరాఠీలో పరుపును గాదీ అంటారు, కూర్చునేదాన్నీ గాదీ అనే అంటారు, ఆ మాటే మన నోట గద్ది అయింది. కానీ అంబాదాస్‌కు సావుకారి నోటి నుంచి గద్ది అనే మాట వస్తే అర్థం ఒక్కటే. రామకిషన్ దుకాణంలో గద్ది చేసింది కూడా అతనే. దాని కొలతలు గాట్లు పెట్టుకున్న కర్ర ఇంకా అతని దగ్గరే ఉంది. మాండవి అడవి దిక్కు నుంచి వచ్చిన టేకు తీసి, ఆ కర్ర పెట్టి, అదే ఎత్తు, అవే మూతలు, అవే అరలు చేసి జీపులో బిగించాడు.

జీపు తిరిగి వచ్చిన రోజు పరమేశ్వరి తల్లి కోసం ఎండుకొబ్బరి కుడుకల మూట కట్టుకుని గడపలో నిలబడి ఉంది. వెనక తలుపు తీసి రామకిషన్ నోరు తెరిచాడు.

“ఇదేందిరా అంబాదాస్?”

“తుమ్హీచ్ మ్హణాలా నా సేట్, గాదీ పాహిజే! మీరే అంటిరి గద్ది కావాలెనని. ఇగో, గద్ది. మీ దుకాన్లది ఎట్లున్నదో గట్లనే చేసిన. ఒక్క సూతు తేడా రాలే.”

రామకిషన్ తిట్టబోయాడు. తిట్టేముందు ఒక మూత ఎత్తి చూశాడు. రెండోది ఎత్తాడు. లోపలికి పోయి ఒక మూట తెచ్చి అరలో దించాడు, తర్వాత ఇంకోటి. దుకాణం ముందు కట్టి ఉన్న మూటలన్నీ అందులో పట్టేశాయి. మూతలు దించితే లోపలికి వాన చుక్క పోయే సందు లేదు. ఆయన మొహం పండుగ దీపమైంది. అలా వెలుగుతూనే తిరిగి పెండ్లాన్ని చూశాడు, ఆమె చేతిలో కుడుకల మూట చూశాడు.

“మల్ల ఎన్నడన్న పోదువు తియ్యి. ఇప్పుడు ఇందుల కూసునే జాగ లేకపాయె.”

ముందర రెండే సీట్లు. ఒకటి దిగంబర్‌ది, ఒకటి ఆయనది. పరమేశ్వరి కుడుకల మూట గడప మీద దించింది. ఏడిస్తే పని చెడుతుంది. ఆమె అడిగింది,

“గద్ది దేనికి చేస్తరు?”

“కూసునేటందుకే.”

“మరి జాగ లేదంటవేంది?”

“అది సావుకారు గద్దినే! దాని మీద నువ్వెట్ల కూసుంటవ్?”

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆ ఇంట్లో గద్దిని పొద్దున్నే తుడిచి దండం పెట్టి ఎక్కుతారు. మామ పోయినాక రామకిషన్ ఎక్కాడు. ఆడవాళ్లు దాని మీద చీపురు వేస్తారు గాని కూర్చోరు. పరమేశ్వరి మొగుడిని వదిలేసి లోపల జపం చేస్తున్న అత్త వైపు తిరిగింది.

“అత్తా, దివిలి పండుగకు గద్ది మీద లచ్చిందేవిని కూసోవెడ్తం గద?”

“పెడ్తం.”

“ఆమె మొగోడా, ఆడదా?”

జపమాల ఆగింది. అంబాదాస్ కర్ర వైపు చూసుకున్నాడు, రామకిషన్ ఆకాశం వైపు. విద్యావతి లేచి, పెట్టెలోంచి ఉతికిన తెల్ల దుప్పటి తీసి కోడలి చేతిలో పెట్టింది.

“చెప్పులిడిసి ఎక్కు. అంగట్ల మాత్రం దిగొద్దు.”

“దిగ అత్తా.”

గెలిచానని ఆమె ఎక్కింది. ఎక్కినాక గాని తెలియలేదు. దుకాణం గద్ది ఎత్తు దుకాణానికి సరిపోతుంది, పైన బోలెడు కప్పు ఉంటుంది. జీపుకు పైన కన్వాసు గుడ్డ ఉంది. నిటారుగా కూర్చుంటే తల దానికి కొట్టుకుంది. మెడ వంచి, గడ్డం గుండెలకు ఆనించి కూర్చోవలసి వచ్చింది. గోదావరి వంతెన అలాగే దాటింది. నీళ్లు కనిపించలేదు, తన మోకాళ్లు కనిపించాయి. గుంత వచ్చినప్పుడల్లా నడినెత్తి మీద మొట్టికాయ.

“నాయ్‌గావ్ దాటినంక దిగంబర్ అద్దంల చూసి అన్నడు, ‘వైనీ, ఓ వదినా, రోడ్డు పొడుగుత ఎవలికి దండం వెడ్తున్నవ్?’ మొదటిపారి అత్తగారింటికి అచ్చినప్పుడు సుత నేను అంత తల వంచలే బిడ్డా!”

మర్ఖేల్ అంగట్లో, మిర్చి రాశులకు అవతల తమ మామూలు జాగాలో దిగంబర్ జీపు ఆపాడు. అక్కడి నుంచి పుట్టింటికి నాలుగు సందులు. కానీ ఆ నాలుగు సందులూ అంగడి నడుమ నుంచే పోతాయి. దిగనని మాటిచ్చి వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు ఈ సంగతి అత్తకూ తట్టలేదు, తనకూ తట్టలేదు.

దిగంబర్‌ను పంపి అవ్వను పిలిపిస్తానన్నాడు రామకిషన్. అప్పటికి ఆమె మెడ కట్టెలా బిగుసుకుపోయింది.

“ముందుగాల ఈ గుడ్డ ఇప్పయ్యా. నా పానం పోతున్నది.”

ఆయన తాళ్లు విప్పి కన్వాసు వెనక్కి లాగేశాడు. పరమేశ్వరి వెన్ను చాపి తలెత్తింది. తలెత్తిన తర్వాత చూస్తే, అంగడి మొత్తం తనను చూస్తోంది. అందరూ నేల మీద గోనె పరిచి కూర్చున్న చోట, తెల్ల దుప్పటి మీద, అందరి తలలకన్నా ఎత్తులో తను ఒక్కతే ఉంది. చెంగు తల మీదికి లాక్కుంది. వెనక్కి జరిగి దాక్కుందామంటే వెనక జాగా లేదు.

ముందుగా వచ్చింది పెంటవ్వ అనే ముసలామె. రామకిషన్‌ను దాటి నేరుగా జీపు దగ్గరికి వచ్చింది.

“సావుకారమ్మా, నా కోడలు నీళ్లోసుకున్నది. మెత్తటి చీరె కావాలె. గీ మొగోనికి ఏమని చెప్పాలె, నీకైతె ఎరుకైతది.”

అది మొదలు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. మొగుడికి చెప్పని కొలతలు ఆమెకు చెప్పారు. ఇబ్బంది ఒక్కటే. ఎవరు ఏది అడిగినా అది సరిగ్గా ఆమె కూర్చున్న మూత కిందే ఉండేది. లేవాలి, పరుపు చుట్టాలి, మూత ఎత్తాలి, చీరె తీయాలి, మళ్లీ పరచాలి. “గుడ్డు పెట్టెటందుకు లేస్తున్నవా, పొదిగెటందుకు కూసుంటున్నవా?” అని మిర్చి అమ్మే ఆమె నవ్వింది. మధ్యాహ్నానికి పరమేశ్వరి కిటుకు పట్టుకుంది. ఎక్కువ పోయే రకాలన్నీ అటూ ఇటూ ఉన్న అరల్లోకి మార్చి, నడిమి మూత కింద ఎవరూ అడగని తలపాగా పటకాలు పెట్టి, దాని మీద కూర్చుంది. ఇప్పటికీ అదే పద్ధతి.

దిగంబర్ పిలిస్తే ఆ గుంపులోకి ఎప్పుడు వచ్చిందో ముత్తెమ్మ. కూతురు చూడలేదు. చీరె మడత పెడుతుంటే కింది నుంచి ఒక గొంతు వినబడింది.

“సావుకారమ్మా, ముసలోళ్లు కట్టెటియి ఏమన్న ఉన్నయా?”

పరమేశ్వరి ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. దాని ఈనె తీయడం మరిచి చెప్పింది.

“మా అవ్వ నీలం చీరె కట్టింది. పచ్చ అంచు. భుజం కాడ ఒక కుట్టు ఏసుకున్నది. చిక్కింది. గిదంత మీ కాక చెప్పాలె గద ఇన్నేండ్లు!”

పైకి రమ్మంటే ముత్తెమ్మ ఎక్కలేదు. కూతురు దిగలేదు. కిందివాళ్ల చేతులు పైవాళ్ల చేతులకు అందే ఎత్తే అది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని అంగడి విడిచేదాకా అలాగే మాట్లాడుకున్నారు, నడుమ నడుమ గిరాకీ చూసుకుంటూ.

మాపటికి ఇల్లు చేరాక అత్త అడిగింది, “అంగట్ల దిగినవా?”

“దిగలే అత్తా.”

“అయితె వచ్చే వారం సుత పో.”

పదేళ్లయింది. ముత్తెమ్మ రెండేళ్ల కింద పోయింది, పోయేదాకా వారం వారం కూతురిని చూస్తూనే ఉంది. రామకిషన్ మోకాళ్ల నొప్పితో దుకాణం గద్దికే అతుక్కుపోయాడు. అంగళ్లు ఇప్పుడు పూర్తిగా పరమేశ్వరివే. మాండవి దాకా పోతుంది. అన్ని అంగళ్లలోనూ కన్వాసు విప్పేస్తుంది. ఇప్పటికీ దిగదు.

చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, వెనక్కి తిరిగి ఒక మూత ఎత్తి చూపించింది. బందు ఊడి మూత ఒక పక్కకు వాలిపోతోంది. కొడుకు నందకిషోర్ ఇది చూసి, ఇదంతా పీకేసి కొత్త సీట్లు వేయిద్దాం, పిల్లల్ని షికారు తిప్పొచ్చు అంటున్నాడు. రేపో మాపో అంబాదాస్ దగ్గరికి తనే పోతాడట.

“వానికన్న ముందుగాల నువ్వు పో బిడ్డా. నీ తొవ్వలనే గద అంబాదాస్ దుకానం. కాకూ జీపు పంపుతున్నదని చెప్పు. సీటు అనకు, వాడు నందు మాటనుకుంటడు. గద్ది అను. మూతకు కొత్త బందులు ఎయ్యుమను. ఇంకొక్కటి, మర్శిపోకు. గా పాత కర్ర పక్కన పెట్టి, ఈసారి నాలుగు వేళ్ల మందం కిందికి కొయ్యుమను. మెడ ఇప్పుడు మునుపటి లెక్క వంగుతలేదు.”