పెద్దింటామె ఇచ్చిన రెండు గ్లాసులు

మా చిన్నప్పుడు... వెంకన్న సామికి ఇష్టమైన పెరటాసి నెల వస్తే పూతలపట్టు దగ్గర మా ఊరి రోడ్డంతా పసుపు బట్టలే. కొండకు నడిచిపోయేవాళ్లు గుంపులు గుంపులుగా గోవింద కొట్టుకుంటూ వెళ్లేవాళ్లు.

మా ఊరి పెద్దింటామె రోడ్డు పక్కన పందిరి వేయించి వాళ్లకు మజ్జిగ పోసేది. అండా నిండా చల్లటి మజ్జిగ... అల్లం, కరివేపాకు. తళతళలాడే స్టీలు గ్లాసులు. గ్లాసు చేతికిచ్చి, ఒక్కొక్కరి కాళ్లకూ దండం పెట్టేది. "నడిచొచ్చే మనిషిలో ఆ సామే ఉంటాడు" అనేది.

ఆమె ఆవుల కింద పేడ ఎత్తేది మా అమ్మ. దాహమేస్తే మాత్రం మాకు గ్లాసు లేదు... దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. మా పేటవాళ్లందరికీ అంతే. మా అమ్మ లోపల ఏ సామీ లేడు కాబోలు!

ఒక ఏడు తమ్ముడికి జ్వరం తగ్గితే కొండకు నడిచొస్తానని అమ్మ మొక్కుకుంది. తగ్గింది. తన పాత చీర, నా గౌను పసుపునీళ్లలో ముంచి ఆరేసింది. ఎండకు తల మీద కొంగు కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని గుంపులో కలిసింది.

పందిరి దగ్గర పక్కకు తప్పుకుందామని చూసింది గానీ వెనకవాళ్లు తోసుకొచ్చారు. పెద్దింటామె మా మొహాలు చూడనే లేదు. చెరో గ్లాసు చేతిలో పెట్టి, "తాగండి సామీ, అలిసిపోయుండారు" అంటూ వంగి అమ్మ కాళ్లు తాకింది.

అమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కొంగు జారింది.

"ఒసే మునెమ్మా, నువ్వా! ముందే సెప్పి సావొద్దా?"

"మొక్కుండాదమ్మా..."

"సరే సరే. ఆ గ్లాసులు ఈడ పెట్టబాకండి. మీరే ఎత్తుకోని పోండి" అని చేతులు చీరకు తుడుచుకుంది.

వెనకున్న ఒకాయన పొంగిపోయాడు. "సూడప్పా, గ్లాసులు గూడా దానం సేస్తా ఉండాది! మహాతల్లి!" అందరూ గోవింద కొట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

అమ్మ తన మజ్జిగ రోడ్డు పక్కన పారబోసింది. నేను తాగేశాను... చాలా బాగుంది కూడా.

తిరిగొచ్చాక ఆ గ్లాసులు తోమి పెడుతూ ఒక్క మాటే అంది. "మనింటికి ఎవురొచ్చినా ముందు గ్లాసు సేతికియ్యి పాపా. మొకం తర్వాత సూడొచ్చు."

అన్నట్టే చేసింది. పనికి పిలవడానికి పెద్దింటామె కొడుకు వచ్చినప్పుడల్లా నీళ్లిచ్చేది. అతను ప్రతిసారీ వద్దనేవాడు. అయినా ఇచ్చేది.

అమ్మ పోయింది. పెద్దింటామె కూడా పోయింది. మొన్న పెరటాసిలో ఆ దారినే తిరుపతికి వస్తుంటే పందిరి కనిపించి కారు ఆపాను. ఆ కొడుకే మజ్జిగ పోస్తున్నాడు... పేపర్ గ్లాసుల్లో. నన్ను గుర్తుపట్టలేదు.

"తీసుకోండి మేడమ్" అని రెండు చేతులతో గ్లాసు ముందుకు చాచాడు.

"నేను మునెమ్మ కూతుర్ని" అన్నాను.

ఆ చేతులు ఆగాయి. "ఓ... బాగుండావా?" అని నవ్వుతూనే గ్లాసును బల్ల మీద పెట్టాడు. తీసుకోమన్నట్టు కాస్త నా వైపు జరిపాడు కూడా.

కాలం మారిందంటారు... స్టీలు పోయి పేపరొచ్చింది, నిజమే.

మీ చేతిదాకా వచ్చి బల్ల మీదికి పోయిన గ్లాసులు మీకూ ఉన్నాయా? ఉంటే కింద రాయండి. మా ఇంటికొచ్చి చెప్పినా సరే... మునెమ్మ గ్లాసుతో నీళ్లిస్తాను. చేతికే ఇస్తాను.